తెలంగ గల్లీ ఇంటిమాట

మొన్న ఆదివారం పొద్దున నేను పొయ్యి మీద గంజి కాస్తుంటే మా కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నూలు చీరలకు ఇప్పుడు డబ్బాల్లో ఏదో దొరుకుతుందట, చల్లి ఇస్త్రీ చేస్తే చాలట, చీర దానంతట అదే నిలబడుతుందట. నిలబడనీ. ఎనభైకి దగ్గరపడుతున్నదాన్ని, నా చీరకు గంజి నేనే కాచుకుంటాను, ఈ విషయంలో ఎవరి సలహా వినదలచుకోలేదు. అయితే ఆ రోజు ముందురాత్రి కలిపి ఉంచిన పిండి ఎండలకు కాస్త పులిసిందేమో, గిన్నెలోంచి ఆవిరి లేవగానే వాసన గుప్పుమంది. కోడలు గబగబా కిటికీలు తెరిచింది. నేను మంచిర్యాలలో, మా వంటింట్లో, చేతిలో గరిటెతో నిలబడే ఉన్నాను గానీ నా ప్రాణం పోయి చాందా కోటలోపల మా గల్లీలో పడింది. పొయ్యి కట్టేసిన తరువాత కూడా చాలాసేపు అక్కడినుంచి తిరిగి రాలేకపోయాను.

ఇప్పుడు ఆ ఊరిని చంద్రపూర్ అంటారు. మా చిన్నప్పుడు చాందా. చుట్టూ గోండు రాజులు కట్టించిన కోటగోడ, దిక్కుకొక దర్వాజా. పఠాణ్‌పురా దర్వాజాకు పోయే దారిలో ఒక సందు తిరిగితే మా గల్లీ వచ్చేది. పాతబస్తీలో మిగిలిన గల్లీలన్నీ ఎటు పడితే అటు మెలికలు తిరిగి ఎవరి గోడకో కొట్టుకుని ఆగిపోయేవి. మాది మాత్రం ఒక కొసన నిలబడితే రెండో కొసన ఎవరు పళ్ళు తోముకుంటున్నారో కనబడేటంత తిన్నగా ఉండేది. అందుకు రాజులూ కారణం కాదు, మున్సిపాలిటీ కూడా కారణం కాదు. మాది నేతగాళ్ళ గల్లీ. నిలువు నూలును, అంటే పడుగును, మగ్గానికి ఎక్కించే ముందు బారుగా సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. దానికి తిన్నటి చోటు కావాలి. మా పెద్దలు ముందు పడుగు పరుచుకుని, తరువాత దానికి రెండు పక్కలా ఇళ్ళు కట్టుకున్నారని మా అవ్వ, అంటే నాన్నకు తల్లి, అనేది. అవ్వ అన్న మాటల్లో సగం నేను నమ్మను గానీ ఇది మాత్రం నమ్ముతాను.

చాందా ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పొద్దెక్కితే గంజి పట్టిన నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. అందుకని తెల్లవారీ వారకముందే గల్లీ అంతా లేచేది. ఎవరి పడుగు అయితే వాళ్ళే కాదు, ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, ముందురాత్రి వాళ్ళతో కొట్లాడి పడుకున్నవాళ్ళు కూడా వచ్చి కుంచె పట్టేవాళ్ళు. కోపాలు మధ్యాహ్నం చూసుకునేవాళ్ళం. కుంచెలు నూలు మీద నడుస్తుంటే సర్రుసర్రుమని ఒకే చప్పుడు, పులిసిన గంజి వాసన, తడి నూలు మీద పడే లేత ఎండ. పిల్లలం నోళ్ళు మూసుకుని అరుగుల మీద కూర్చోవాలి. పడుగు పరిచినంతసేపూ దాన్ని దాటకూడదు, దాని కింద దూరకూడదు. బండి రాకూడదు. ఒకసారి పక్క బస్తీ మరాఠీవాళ్ళ పెళ్ళికొడుకు బాజాలతో, గుర్రం మీద, మా గల్లీ మొదటికి వచ్చి ఆగిపోయాడు. ముహూర్తం దాటిపోతుందని వాళ్ళ పెద్దాయన ఎగిరెగిరి పడ్డాడు. అవ్వ లోపలికి పోయి మజ్జిగ చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెళ్ళికొడుక్కీ ఇచ్చింది, గుర్రానికి నీళ్ళు పెట్టింది, పడుగు మాత్రం లేపనివ్వలేదు. పెళ్ళి జరిగే ఉంటుంది, ఆ పెళ్ళికొడుకు తరువాత చాలా ఏళ్ళు మా గల్లీలోనే చీరలు కొన్నాడు.

గల్లీ పుట్టుక గురించి ఇంటికొక కథ ఉండేది. అన్ని కథల్లోనూ ఒక గోండు రాణి, గోదావరి అవతలినుంచి ఆమె పిలిపించిన ఒక నేతగాడు, అతను నేసిన ఒక అపురూపమైన చీర. ఆ నేతగాడు ఎవరి ముత్తాత అన్న దగ్గరే పేచీ. ప్రతి ఇంటివాళ్ళూ మా తాతే అనేవాళ్ళు. అన్ని ఇళ్ళ మాటా నిజమే అయితే పాపం ఆ రాణికి చీరలు మార్చుకోవడం తప్ప రాజ్యం చూసుకునే తీరిక ఉండి ఉండదు. నేతపని చేసే మా సాలెవాళ్ళ వెనుకే మరికొందరు వచ్చారు. పాలుపోసే గొల్లలవి కొన్ని ఇళ్ళు, కోటగోడకు రాళ్ళు కొట్టడానికి వచ్చి ఉండిపోయిన వడ్డెరలవి రెండు మూడు, మూలమీద కోమటి దుకాణం ఒకటి. అందరిదీ ఒకే మాట, ఒకే యాస. మా ఇంటిపేర్ల చివర మర్యాదకు పెట్టుకున్న ‘వారు’ మరాఠీవాళ్ళ నోట్లో పడి ‘వార్’ అయింది. వాళ్ళు మమ్మల్ని తెలంగులు అనేవాళ్ళు, మా గల్లీని తెలంగ గల్లీ అనేవాళ్ళు. మేము మాత్రం సాలోళ్ళ గల్లీ అనుకునేవాళ్ళం. పేరులో ఏముందని అప్పుడెవరూ పట్టించుకోలేదు.

మా ఇల్లు గల్లీ మధ్యలో. గుంట మగ్గం మీద మా బాపు, అంటే మా నాన్న, ఆయన పక్కన రాట్నం తిప్పుతూ కండెలు చుట్టే అవ్వ, ఇంటిపని, వంటపని, పడుగుపని అన్నీ చేసే మా అమ్మ. అమ్మ రాజురా పిల్ల. రాజురా అంటే ఎంతో దూరం కాదు, వర్ధా నది దాటితే చాలు, కానీ అప్పటి లెక్కలో నది అవతల హైదరాబాద్ రాజ్యం. అమ్మ పుట్టింటికి పోయివస్తే ఇంకో దేశం చూసివచ్చినట్టు ఇరుగుపొరుగు చుట్టూ చేరేవాళ్ళు. ఇక మా ఇంట్లో అందరికన్నా గొప్పవాడు మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. పెళ్ళాం చిన్నప్పుడే పోతే మళ్ళీ చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. ఆయన మగ్గం గుంటలోంచి లేచి చదువుకున్న మొదటి మనిషి. మా ఇంటి గోడను ఆనుకుని ఉన్న మున్సిపాలిటీ బడిలో మూడు గదులు మరాఠీవి, ఒక గది తెలుగుది. ఆ ఒక్క గదికీ ఒక్క పంతులు మా పెద్దబాపు. గల్లీలో పిల్లలందరం అందులోనే చదివేవాళ్ళం. చాందా మొత్తంలో తెలుగు అక్షరం కనబడే చోటు నాకు తెలిసి అదొక్కటే.

ఆయన మంచి పంతులే. కొట్టేవాడు కాదు. కానీ ఆయనకొక పట్టుదల ఉండేది, పుస్తకంలో ఉన్న తెలుగే తెలుగు. నేను లేచి, “పంతులూ, మా తమ్ముడు ఏడుస్తుండు, ఇంటికి పోవాలె” అంటే ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, “ఏడుస్తుండు కాదు, ఏడుస్తున్నాడు అను. పోవాలె కాదు, వెళ్ళాలి. ఇది తెలుగేనా?” అనేవాడు. నేను సరిదిద్దుకుని చెప్పేసరికి గోడ అవతల మా ఇంట్లో తమ్ముడి ఏడుపు ఆగిపోయేది. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట వినేవాళ్ళమో చెప్పలేను. గొల్లల పిల్లవాడు ‘గిట్ల’ అంటే “ఇది తెలుగేనా?” కోమట్ల పిల్ల ‘ఏంది’ అంటే “ఇది తెలుగేనా?” బడి కిటికీకి రెక్కలుండేవి కావు. పంతులు ప్రశ్న గోడ దాటి మగ్గాల దాకా వినబడేది. రాట్నం తిప్పుతూ అవ్వ నవ్వుకునేది, కొడుకు ఎంత పెద్ద చదువు చెబుతున్నాడో అని మురిసిపోయేది. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే పెద్దబాపు తానే “ఏంది కూర?” అని అడిగేవాడు. మాకది వింతగా తోచేది కాదు. బడిలో చెప్పులు విడిచినట్టు ఇంట్లో తెలుగు విడుస్తారు కాబోలు అనుకునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో రాష్ట్రాలను మార్చి కట్టే మాటలు వచ్చాయి. ఏ భాషవాళ్ళను ఆ భాష రాష్ట్రంలో కలుపుతారట. మేము అప్పటిదాకా నాగపూర్ రాజధానిగా మధ్యప్రదేశ్‌లో ఉన్నాం, ఇకమీదట బొంబాయిలో కలుస్తామట. రాజురా కూడా హైదరాబాద్ నుంచి విడిపోయి మా చాందా జిల్లాలోకి వస్తుందట. అమ్మ ఆ మాట విని ఒక పూటంతా పాటలు పాడుకుంది, పుట్టిల్లు నది దాటకుండానే ఇటు వచ్చేస్తుందని. అరుగుల మీద మగవాళ్ళు రాత్రిళ్ళు దేశాలను ఇటు కలిపి అటు విడదీసి పడుకునేవాళ్ళు. పెద్దబాపు ఒక్కడే ఆ లెక్కల్లో కలవక లోపలికి పోయి పడుకునేవాడు. ఆయన భయం ఆయనది. కొత్త రాష్ట్రం మరాఠీవాళ్ళదీ గుజరాతీవాళ్ళదీ. అందులో చాందాలోని ఒక్క తెలుగు గది ఎవరికి గుర్తుంటుంది?

గుర్తుంది. అదే వచ్చిన చిక్కు. చదువుల ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఆ బస్తీలో తెలుగు మాట్లాడే ఇళ్ళు కావలసినన్ని ఉంటే తెలుగు తరగతి ఉంటుంది, లేకపోతే ఆ గది కూడా మరాఠీకి పోతుంది. ఒక అధికారి వచ్చి ఇంటింటికీ తిరిగి ఏ భాష మాట్లాడతారో అడిగి పోతాడు. పంతులు వెంట తిరగకూడదు, ఎవరికీ ఏమీ నేర్పకూడదు. ఆ కబురు వచ్చిన రోజు పెద్దబాపు అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. గల్లీలో మరో మాట మాట్లాడే ఇల్లు ఒక్కటీ లేదు, ఇక భయం దేనికి? రాత్రి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, “ఏం భయంలేదు. ఆయన అడిగింది ఇనుండ్రి, ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి, గంతే” అన్నాడు. అందరూ తలలూపారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం మా గల్లీవాళ్ళకు చేతకానిదేమీ కాదు.

ఆ అధికారి వచ్చిన పొద్దున పడుగు పరిచి ఉంది. ఆయన మర్యాదస్థుడు. గల్లీ మొదట్లోనే ఆగి, పడుగు లేపేదాకా చెట్టునీడన నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. తరువాత చెప్పులు గుమ్మం బయట విడిచి ప్రతి ఇంటికీ వెళ్ళాడు. ఎక్కడో పశ్చిమాన దూరపు జిల్లా మనిషి, తెలుగు అన్నది ఎన్నడూ చెవిన పడనివాడు. ఇటు బడిలో పెద్దబాపు గదిని రెండుసార్లు ఊడ్పించి, మా చేత ఎక్కాలు గొంతెత్తి చెప్పించడం మొదలుపెట్టాడు. తెలుగు ఎంత గట్టిగా ఉందో గల్లీలో వినబడాలని ఆయన ఆశ. మా అరుపులకు కిటికీ మీద పిచ్చుకలు లేచిపోయాయి. ఆ అరుపుల్లో మా సొంత ఇంటి గుమ్మం దగ్గర ఏం జరుగుతున్నదీ మాకు వినబడలేదు. ఇక చెప్పబోయేది తరువాత అమ్మ నాకు చెప్పింది, ఒకసారి కాదు, బతికినంతకాలం చెబుతూనే ఉంది.

అధికారి మరాఠీలో అడిగాడు, “తుమ్చీ ఘర్చీ భాషా కోణ్తీ?” మీ ఇంటి భాష ఏది అని. ఇంటి పెద్ద అవ్వ. బజారులో నేర్చిన మరాఠీ అవ్వకు బాగానే వచ్చు. మరాఠీవాళ్ళు అడిగితే చెప్పే జవాబు తాతల కాలం నుంచి సిద్ధంగానే ఉంది. “సాలేవారీ” అంది. అంటే సాలెవాళ్ళ మాట. తలుపు వెనుక నిలబడ్డ అమ్మ అది వింది. అమ్మది నిజాం రాజ్యం. అక్కడ ఆఫీసుల్లో ఉర్దూ, బడుల్లో ఉర్దూ, తెలుగు అన్నది అడిగి, పోట్లాడి తెచ్చుకోవలసిన వస్తువు. అందుకని వాళ్ళకు దాని పేరు తెలుసు. మా గల్లీలో తెలుగును ఎవరూ ఎన్నడూ వద్దనలేదు, కనుక దాన్ని పేరుపెట్టి పిలిచే అవసరం ఎవరికీ రాలేదు. అమ్మ పరాయి మగవాడి ముందుకు రాకూడదు, అత్త మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. అయినా తలుపు సందులోంచి, “అత్తమ్మా, తెలుగని చెప్పుండ్రి” అంది.

అవ్వ వెనక్కి తిరిగి గదమాయించింది. “నువ్వు ఊకో. తెలుగు మనకు యాడ వస్తది? అది బడిల సదువుకున్నోళ్ళది. మనం మాట్లాడేది తెలుగేనా? సర్కారు మనిషితోని అబద్ధం ఎందుకు చెప్పాలె?”

తెలుగు రాదన్న సంగతి అవ్వ ఇలా చక్కటి తెలుగులో చెప్పింది. అది తెలుగని ఆ గుమ్మం దగ్గర అమ్మకు ఒక్కదానికే తెలుసు. అధికారి ఓపికగా విని, ఆమె ఏమంటున్నదని అడిగాడు. కోడలు చిన్నపిల్ల, ఏదో అంటుందిలెమ్మని అవ్వ మరాఠీలో చెప్పి ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఆయన దండం పెట్టి పక్కింటికి పోయాడు. అక్కడా సాలేవారీ. గొల్లల ఇళ్ళలో గోలారీ అన్నారు. వడ్డెరలు వడారీ అన్నారు. కోమటి శెట్టి చదువుకున్నవాడే, దుకాణంలో ఇద్దరు మరాఠీ బేరగాళ్ళు నిలబడి ఉంటే వాళ్ళకు అర్థమయ్యేటట్టు కోమ్టీ అన్నాడు. ఒకే బావి దగ్గర ఒకే మాటతో తిట్టుకుని, ఒకే మాటతో కలిసిపోయేవాళ్ళు ఒక్క పూటలో నాలుగు భాషలవాళ్ళు అయిపోయారు. వెళ్ళేముందు అధికారి బడిలోకి వచ్చి పెద్దబాపుతో చేయి కలిపి, ఇంత చిన్న గల్లీలో ఇన్ని భాషలుంటాయని తాను అనుకోలేదని ఆశ్చర్యపోయాడు. పెద్దబాపుకు ఆ మాట అర్థం కాలేదు, నవ్వుతూ తల ఊపాడు.

అర్థమయ్యేసరికి చీకటిపడింది. అరుగు మీద కూర్చుని, “ఏం చెప్పిండ్రు?” అని ఒక్కొక్కరినే అడిగాడు. ఒక్కొక్కరూ చెప్పారు, గర్వంగానే చెప్పారు, ఉన్నది ఉన్నట్టు చెప్పామని. చివరకు అవ్వ కూడా చెప్పింది. అమ్మ తలుపు వెనుక ఏడుస్తోంది. పెద్దబాపు కోప్పడతాడని నేను భయపడ్డాను. ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడిచి, మళ్ళీ తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడే ఆఫీసుకు పోయాడు. అవ్వనూ, గొల్లల పెద్దనూ, శెట్టినీ వెంట తీసుకుపోయాడు. అక్కడివాళ్ళు మంచిగానే మాట్లాడారట. ఇళ్ళవాళ్ళు తమ నోటితో చెప్పింది మార్చడానికి మేమెవరం అన్నారట. తెలుగు తరగతి పంతులు ఇదంతా తెలుగే అని చెప్పడంలో వింతేముంది అని కూడా అన్నారట. పెద్దబాపు, “సాబ్, ఆ గల్లీ పేరే తెలంగ గల్లీ” అన్నాడు. దానికి గుమాస్తా నవ్వి, మరి పఠాణ్‌పురాలో ఎంతమంది పఠాణులున్నారని అడిగాడు. అదీ నిజమే. పెద్దబాపు తిరిగి వచ్చి నాగపూర్‌కు అర్జీ పెట్టాడు. అది అక్కడికి చేరేవేళకు నాగపూర్ రాజధాని కాకుండా పోయింది. ఆఫీసు మూటలు కొన్ని భోపాల్ వెళ్ళాయి, కొన్ని బొంబాయి వెళ్ళాయి. మా అర్జీ ఎటు వెళ్ళిందో ఎవరూ చెప్పలేకపోయారు. మేము ఇల్లు కదలకుండా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి, కొన్నేళ్ళకు మహారాష్ట్రలోకి పోయాం. అర్జీ మాత్రం మమ్మల్ని ఎక్కడా కలుసుకోలేదు. రాజురా మాలో కలిసింది. అక్కడి బడులూ కొద్దికొద్దిగా మరాఠీ బడులు అయ్యాయి. పుట్టిల్లు దగ్గరికి వచ్చిందని పాడుకున్న అమ్మ ఆ తరువాత ఆ పాట ఎత్తలేదు.

తెలుగు గది తలుపు మీద రాసి ఉన్న తెలుగు అక్షరాలకు సున్నం కొట్టారు. నేను అప్పటికి నాలుగో తరగతి గట్టెక్కాను, ఆ గదిలో చదువు పూర్తిచేసిన చివరి పిల్లల్లో ఒకదాన్ని. నాకన్నా ఐదేళ్ళు చిన్నవాడు తమ్ముడు, అదే గదిలో మరాఠీ అక్షరాలతో మొదలుపెట్టాడు. పెద్దబాపును మరాఠీ పరీక్ష రాసి పంతులుగానే ఉండమన్నారు. రాశాడు, పాసయ్యాడు కూడా. కానీ నల్లబల్ల మీద కూడికలు చేస్తూ గొణుక్కునేటప్పుడు ఆయన నోట తెలుగు అంకెలే వచ్చేవి. పిల్లలు వెనుకనుంచి కిలకిల నవ్వేవాళ్ళు. ఆ పిల్లలు మా గల్లీ పిల్లలే, మా తమ్ముడు కూడా వాళ్ళలోనే ఉన్నాడు. పెద్దబాపు రెండేళ్ళు ఓర్చుకుని ఆ పని మానేశాడు. బాపు పక్కన మగ్గం గుంటలో కూర్చున్నాడు గానీ చేతులు ఆ పని మరిచిపోయాయి. ఆయన కూర్చుంటే పోగులు తెగేవి. బాపు వాటిని అతికేవాడు.

నా పెళ్ళి కుదిరి, మంచిర్యాలకు వచ్చే ముందు ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, అవ్వ మీద కోపం రాలేదా అని. అప్పటికి అవ్వ పోయి ఏడాది. పెద్దబాపు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. “ఆమెది తప్పెట్లయితది బిడ్డా? గన్నేండ్లు బడిల నేనే అరిచిన గదా, ఇది తెలుగేనా, ఇది తెలుగేనా అని. గోడ అవతల ఆమె ఇన్నది. నేను చెప్పిందే చెప్పింది” అన్నాడు. ఆ తరువాత, “నువ్వు మాట్లాడేది గూడ తెలుగే అమ్మా అని మా అమ్మకు ఒక్కసారి చెప్పకపోతి” అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఆయనకు ఓదార్పు చెప్పే మాట పుస్తకం తెలుగులోనూ లేదు, ఇంటి తెలుగులోనూ లేదు. ఆ తరువాత ఆయన ఎక్కువకాలం బతకలేదు.

గల్లీ కూడా బతకలేదు. మిల్లు చీరలు వచ్చాక మగ్గాలు ఒక్కొక్కటే అటకెక్కాయి. మగపిల్లలు కొందరు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు, కొందరు బొగ్గుగనులకు పోయారు. మా తమ్ముడు పద్మాపూర్ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. గుంటలు పూడ్చి బండలు పరిచారు. అరుగులు కొట్టేసి మెట్లు కట్టారు, మెట్ల ముందు మోటారు సైకిళ్ళు పెట్టారు. తిన్నగా ఉన్నందువల్ల పిల్లలు అక్కడ వాటిని యమ జోరుగా నడుపుతారని తమ్ముడు విసుక్కుంటాడు. అది అంత తిన్నగా ఎందుకున్నదో ఆ పిల్లలకు తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. తమ్ముడి పిల్లలకు ఇంటిమాట వచ్చీరానట్టు వచ్చు, మనవలకు అదీ లేదు. వాళ్ళు నాతో మరాఠీలో మాట్లాడతారు, ప్రేమగానే మాట్లాడతారు. నేనూ తమ్ముడూ ఒక్క తల్లి బిడ్డలం, ఈ వయసుదాకా ఒకరికొకరం ఒక్క ఉత్తరం రాసుకోలేదు. నా రాత వాడికి రాదు, వాడి రాత నాకు రాదు. ఫోన్లు వచ్చి మమ్మల్ని ఆదుకున్నాయి.

ఇదంతా రాయడానికి నాకు వారం పట్టింది. ఈ గల్లీ గురించి ఇంకెవరికి చెప్పాలి, గల్లీలో మిగిలినవాడు తమ్ముడొక్కడే కనుక నిన్న సాయంత్రం వాడికే ఫోన్ చేసి చదివి వినిపించడం మొదలుపెట్టాను. గోండు రాణి దాకా విన్నాడు. ఊఁ కొడుతున్నాడు గానీ ఆ ఊఁ నాకు నచ్చలేదు. ఏం తమ్మీ, బాగలేదా అన్నాను.

“బాగుందో లేదో నాకేం తెలుస్తది అక్కా? గిది మన మాట గాదు గదా, తెలుగు గదా. నాకు సమజ్ అయితలేదు. నువ్వు ఆ కాగితం పక్కకు పెట్టి ఊకెనే మాట్లాడు, నేను ఇంటుంట” అన్నాడు.

కాగితం పక్కన పెట్టాను. వాడు అలిసిపోయేదాకా మాట్లాడాను, ఎండల గురించి, మోకాళ్ళ గురించి. మన మాట తెలుగు కాదని అవ్వ అన్ననాడు అది తప్పు, దిద్దడానికి ఒక్క మనిషి చాలు, ఆ మనిషి గోడ అవతలే ఉన్నాడు. నా తమ్ముడు అదే మాట అంటే, వాడికి నిజంగానే అర్థం కాలేదు కనుక, నేను తప్పని చెప్పలేకపోయాను. కాలం తప్పులను దిద్దుతుందని అంటారు గానీ నేను చూసింది వేరు, ఎక్కువ రోజులు ఉండనిస్తే అది తప్పును నిజం చేసి మన చేతిలో పెడుతుంది.